ఎపికార్డియం కణాలు రెండో రోజుకే ఆకారం మార్చుకుంటున్నాయి, ఏం చేయాలి?

హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో గుండె పైపొర, అంటే ఎపికార్డియం కణాలను ఎలుక పిండాల నుంచి పెంచుతున్నాను. 12.5 రోజుల పిండం గుండెలోంచి జఠరికలు కోసి జెలటిన్ పూసిన డిష్‌లో పెడతాను. మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) డీఎమ్‌ఈఎమ్, ఎమ్199 సగం సగం, 10 శాతం సీరం; 37 డిగ్రీలు.

24 గంటలకు ముక్క చుట్టూ కణాలు బండలు పరిచినట్టు ఒత్తుగా అల్లుకుంటాయి, చూడముచ్చటగా ఉంటాయి. అప్పుడు ముక్క తీసేస్తాను. 48 గంటలకల్లా అంచుల్లోని కణాలు కదురులా సాగి ఒకదాన్నొకటి వదిలేస్తాయి. కణాల మధ్య అతుకుల్లో ఉండే ప్రోటీన్ జెడ్‌ఓ-1 గీతలు తెగిపోతాయి, ఎపికార్డియం కణాలను గుర్తుపట్టే ప్రోటీన్ డబ్ల్యూటీ1 మాత్రం కనిపిస్తూనే ఉంది. పిండంలో ఇవి ఇలాగే గుండె గోడలోకి దిగి ఫైబ్రోబ్లాస్టులుగా (సంధాయక కణజాలాన్ని తయారుచేసే కణాలు), కరోనరీ నాళాల నునుపు కండరంగా మారతాయని తెలుసు. కానీ ఈ మార్పును రప్పించే సంకేత ప్రోటీన్ టీజీఎఫ్-బీటాను నేను వేయకముందే మారిపోతే ఇక దేన్ని దేనితో పోల్చాలి?

సీరం 5 శాతానికి తగ్గించాను, బ్యాచ్ మార్చాను, లాభం లేదు. కొలాజెన్ మీద ఇంకా త్వరగా సాగాయి. కరెంటు పోయి ఇంక్యుబేటర్ చల్లబడిందేమోనని రీడింగులూ చూశాను, తేడా లేదు.

ఇక మిగిలింది టీజీఎఫ్-బీటా సంకేతాన్ని అందుకునే రిసెప్టర్ ఏఎల్‌కే5ను ఆపే రసాయనం ఎస్‌బీ431542. వాడినవాళ్లు చెప్పండి: 10 మైక్రోమోలార్ మొదటి రోజు నుంచే వేయాలా, ముక్క తీశాక వేస్తే సరిపోతుందా?