ఈ-టైపా, పాత 911ఆ? వాడినవాళ్ళు చెప్పండి

కోవెంట్రీ కుర్రాడు:
రెండేళ్ళుగా వెతుకుతుంటే చివరికి రెండు మిగిలాయి. 1966 జాగ్వార్ ఈ-టైప్ 4.2 కూపే, 1972 పోర్షె 911టి. ఆదివారాలు నడపాలి, పదేళ్ళు ఉంచుకోవాలి. తుప్పు, స్పేర్లు, మళ్ళీ అమ్మితే వచ్చే ధర... ఏది నయం? గ్యారేజీ చిన్నది, అదొకటి.

తుప్పు బాధితుడు:
చూడ్డానికి వెళ్ళేటప్పుడు జేబులో అయస్కాంతం వేసుకెళ్ళు తమ్ముడూ. నా ఈ-టైప్‌కి తలుపుల కింద సిల్స్ మీద పెడితే జారి కింద పడింది. లోపలంతా ఇనుము బదులు నింపిన ఫిల్లర్ పేస్టే, పైన పెయింట్ మాత్రం పెళ్ళికళ. ఇక వెనక బ్రేక్ డిస్కులు చక్రాల దగ్గర ఉండవు, డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్యనుండే గేర్ల పెట్టె) పక్కన ఉంటాయి. వాటిని మార్చడానికి వెనక సెట్టు మొత్తం కిందికి దింపారు. కూలి బిల్లు చూసి మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

స్టుట్‌గార్ట్ సూరి:
అందుకే 911 అనేది. పైగా 72 మోడల్! ఆయిల్ పోసే మూత బయటే ఉంటుంది, కుడి తలుపు వెనకాల. ఆ ఒక్క ఏడాదే. బంకుల్లో అందులో పెట్రోలు పోసేస్తున్నారని తీసేశారంటారు. ఇప్పుడు ఆ మూత కోసమే ఎగబడుతున్నారు.

ఒహాయో బావ:
ఆయిల్ మాట ఎత్తొద్దు. నా 911 కొన్న కొత్తలో పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా డిప్‌స్టిక్ తీస్తే చుక్క లేదు. లీటరున్నర పోశాను. నాలుగు వీధులు దాటేసరికి వెనక పొగే పొగ, ఎయిర్ క్లీనర్ నిండా ఆయిల్. ఇదేం డిజైనండీ?

స్టుట్‌గార్ట్ సూరి:
డిజైన్‌ది కాదు, మీదే తప్పు. డ్రై సంప్ బండి అది, అంటే ఆయిల్ ఇంజన్ అడుగున కాదు, విడి ట్యాంకులో ఉంటుంది. ఇంజన్ బాగా వేడెక్కాక, చదును నేల మీద, ఐడిల్‌లో నడుస్తుండగా చూడాలి. మాన్యువల్‌లో రాసే ఉంది.

ఒహాయో బావ:
నాకిచ్చిన మాన్యువల్ జర్మన్‌లో ఉంది మహానుభావా.

వెబర్ వాసు:
22 ఏళ్ళుగా ఈ ఇంజన్లు విప్పుతున్నా. చల్లటి ఇంజన్‌లో ఆయిల్ చూడొచ్చు అనేవాళ్ళని బండి దగ్గరికే రానివ్వకూడదు. 911 ఇంజన్‌లో టైమింగ్ చెయిన్‌ని బిగువుగా పట్టే చెయిన్ టెన్షనర్ల సంగతి ఒక్కరూ ఎత్తరేం? 1984లో 911 3.2 క్యారెరా మోడల్‌కి వచ్చిన ఆయిల్ ప్రెషర్ రకం వేయించారా అని అడగాలి. పాతవే ఉంటే అసలు టెన్షన్ అక్కడే.

ఒహాయో బావ:
చూడొచ్చని నేనెక్కడ అన్నాను? చూసి దెబ్బతిన్నానన్నాను. విప్పడం సరే, ముందు చదవడం నేర్చుకోండి.

వెబర్ వాసు:
లీటరున్నర పోసినవాళ్ళా నాకు చెప్పేది!

పాత ఇనుము:
ఆయిల్ గొడవ ఆపండయ్యా, పాపం ఆ పిల్లాడు ధర అడిగాడు. ఏ బండైనా ఇంజన్ నంబరు ఫ్యాక్టరీ రికార్డుతో కలవకపోతే బేరం సగంలోనే చప్పబడుతుంది. జాగ్వార్‌కి హెరిటేజ్ సర్టిఫికెట్ అడుగు, ఆ ఫ్యాక్టరీ రికార్డు చూపించే కాగితం అదే. 1961లో ఈ-టైప్ రోడ్‌స్టర్ కొత్తది 2,097 పౌండ్లు. ఇప్పుడు ఆ డబ్బుకి కొత్త బానెట్ కూడా రాదు.

స్టుట్‌గార్ట్ సూరి:
911కి బానెట్ చిన్నది, ఆ బాధ లేదు :)

తుప్పు బాధితుడు:
బ్యాటరీ పెట్టెల కింద మీకూ తుప్పేగా? అది చెప్పరేం?

కోవెంట్రీ కుర్రాడు:
బానెట్ అంటే గుర్తొచ్చింది. ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను. ఈ-టైప్ బానెట్ ముందుకి కదా వాలేది, అది తెరిస్తే గ్యారేజీ తలుపు మూసుకోదు. అడ్డంగా ఫ్రీజర్ ఉంది. అది ఇంట్లోకి జరపాలంటే మా అమ్మని ఒప్పించాలి.