ఎఫ్‌ఏ కప్‌లో పెద్ద జట్టు చిన్న ఊరికి ఎందుకు వెళ్లాల్సి వస్తుంది?

గోదారి_వింగర్:
నేను ఇన్నాళ్లూ ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై డివిజనైన ప్రీమియర్ లీగే చూశాను, అక్కడి నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్ ఎప్పుడూ చూడలేదు. 2025 జనవరిలో ప్రీమియర్ లీగ్ జట్టు టాటెన్‌హామ్ ఆడిన ఎఫ్‌ఏ కప్ మ్యాచ్ హైలైట్స్ నిన్న కంటపడ్డాయి. ఎదుటి జట్టు టామ్‌వర్త్, ఐదో డివిజన్. చిన్న గ్రౌండ్, కృత్రిమ గడ్డి. అంత పెద్ద క్లబ్ అక్కడికి ఎందుకెళ్లింది? సీడింగ్ (పెద్ద జట్లకు డ్రాలో ప్రత్యేక స్థానం) ఉండదా? అసలు ఈ కప్పు ఎప్పుడు మొదలవుతుంది? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

మిడ్‌లాండ్స్_రావు:
తమ్ముడూ, సీడింగ్ ఉండదు. లాటరీలా నంబర్లున్న బంతులు తీస్తారు, ముందు ఎవరి నంబరు వస్తే మ్యాచ్ వాళ్ల గ్రౌండ్‌లో. పేరు చూడరు, డబ్బు చూడరు. నాకు ఈ కప్పంటే అంత ఇష్టం అందుకే.

మొదలయ్యేది ఆగస్టులో. ఏడు వందలకు పైగా క్లబ్బులు దిగుతాయి. మా ఊరి క్లబ్ తొమ్మిదో అంచెలో ఆడుతుంది, దానికి ఎక్స్‌ట్రా ప్రిలిమినరీ రౌండే ప్రారంభం. గేటు దగ్గర ఒక పెద్దాయన రేకు డబ్బాలో చిల్లర వేసుకుని టికెట్ చింపి ఇస్తాడు. గోల్ వెనక కట్టిన తాడుకు ఆనుకుని నిలబడితే కీపర్ డిఫెండర్లను తిట్టే తిట్లు కూడా వినిపిస్తాయి. ఆ రోజు ఆ ఆటగాళ్లు ఆడేదీ లండన్‌లోని పెద్ద స్టేడియం వెంబ్లీలో ఫైనల్ జరిగే కప్పే.

ఆ తర్వాత ప్రిలిమినరీ, దానిపైన నాలుగు క్వాలిఫయింగ్ రౌండ్లు. పై అంచె జట్లు ఒక్కో మెట్టు దగ్గర వచ్చి కలుస్తుంటాయి. టామ్‌వర్త్ లాంటి ఐదో డివిజన్ జట్లు నాలుగో క్వాలిఫయింగ్‌లో దిగుతాయి. అందులో నెగ్గిన 32 జట్లకు లీగ్ వన్, లీగ్ టూలలోని (మూడు, నాలుగు డివిజన్లు) 48 కలిస్తే 80. నవంబర్‌లో జరిగే అసలు మొదటి రౌండ్ అదే. రెండో రౌండ్ దాటేసరికి ఇరవై మిగులుతాయి. జనవరిలో మూడో రౌండ్‌కు ప్రీమియర్ లీగ్ ఇరవై, రెండో డివిజనైన ఛాంపియన్‌షిప్ ఇరవై నాలుగు వచ్చి చేరతాయి. మొత్తం 64. అక్కణ్నుంచి ఓడినవాడు ఇంటికే.

లెక్క చూడు: టాటెన్‌హామ్ కప్పు ఎత్తాలంటే ఆరు మ్యాచ్‌లు గెలిస్తే చాలు. మా ఊరి జట్టయితే పద్నాలుగు గెలవాలి.

నువ్వు చూసిన మ్యాచ్‌లో టామ్‌వర్త్ కీపర్ జస్ సింగ్‌ను గమనించావా? ఆయనది బిల్డింగ్ సర్వేయర్ ఉద్యోగం. తొంభై నిమిషాలయ్యాక స్కోరు 0-0. ఎక్స్‌ట్రా టైమ్‌లో టాటెన్‌హామ్ మూడు గోల్స్ కొట్టి గెలిచింది. పాత పద్ధతే ఉండుంటే ఆ డ్రాకు రీప్లే (ఎదుటి జట్టు గ్రౌండ్‌లో మళ్లీ మ్యాచ్) వచ్చేది, అదీ టాటెన్‌హామ్ స్టేడియంలో! 2024-25 నుంచి అసలు రౌండ్లలో, అంటే మొదటి రౌండ్ నుంచి, రీప్లేలు ఎత్తేశారు. అది అన్యాయం, ఈ మాట ఎవరి దగ్గరైనా అంటాను.

కొండాపూర్_గన్నర్:
రావుగారూ, రీప్లేల విషయంలో మీతో ఏకీభవించలేను. యూరప్ మ్యాచ్‌లు పెరిగాయి, వారం మధ్యలో ఖాళీ ఏదీ? ఆటగాళ్ల కాళ్లూ మనిషి కాళ్లేగా. ఒక్క రాత్రిలో తేలిపోతేనే నాకౌట్‌కు అందం. 2025 ఫైనల్ చూడండి, క్రిస్టల్ ప్యాలెస్ తమ ఆటగాడు ఎజె కొట్టిన ఒక్క గోల్‌తో మాంచెస్టర్ సిటీని ఓడించి తమ చరిత్రలో మొదటి పెద్ద ట్రోఫీ అందుకుంది. రీప్లే అవసరం పడిందా?

మిడ్‌లాండ్స్_రావు:
ఫైనల్ మాట వేరు బాబూ. రీప్లే కావాల్సింది కింది క్లబ్బులకు. 2005 జనవరిలో ఎక్సెటర్ సిటీ లీగ్ (పై నాలుగు డివిజన్లు) నుంచి ఐదో డివిజన్‌కు పడిపోయి, నెత్తిన అప్పులతో ఉంది. మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండైన ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వెళ్లి యునైటెడ్‌ను 0-0తో ఆపింది. రీప్లేలో 0-2తో ఓడింది, అయితేనేం? గేటు వసూళ్లను రెండు క్లబ్బులూ పంచుకుంటాయి కదా, ఆ రెండు మ్యాచ్‌ల డబ్బు క్లబ్‌ను అప్పుల నుంచి గట్టెక్కించడంలో పెద్ద సాయమైంది. అభిమానులే యజమానులైన క్లబ్ అది. ఆటగాళ్ల అలసట నిజమే, కాదనను. కానీ అలసట తగ్గించాలంటే పెద్ద క్లబ్బులు ప్రపంచమంతా తిరిగే వేసవి టూర్లు తగ్గించుకోవచ్చు. కోత ఎప్పుడూ కిందివాడి కంచంలోనేనా?

గోదారి_వింగర్:
ఇద్దరికీ థాంక్స్. ఒక్క అనుమానం: ఇప్పుడు డ్రా అయితే నేరుగా పెనాల్టీలా? గెలిచినవాళ్లకు కప్పు తప్ప ఇంకేమైనా వస్తుందా?

మిడ్‌లాండ్స్_రావు:
ముందు ముప్పై నిమిషాల ఎక్స్‌ట్రా టైమ్, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. గెలిచిన జట్టుకు మామూలుగా యూరప్ దేశాల క్లబ్బులు ఆడే యూరోపా లీగ్‌లో చోటు దక్కుతుంది. 2013లో విగన్ జట్టు మాంచెస్టర్ సిటీని ఫైనల్లో ఓడించి, మూడు రోజులకే ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడింది. అయినా తర్వాతి సీజన్లో రెండో డివిజన్‌లో ఉంటూనే యూరోపా ఆడింది. సెమీస్, ఫైనల్ రెండూ వెంబ్లీలోనే. ఆగస్టులో ఇటు వచ్చే పనుంటే చెప్పు, మా ఊరి గ్రౌండ్‌కు తీసుకెళ్తాను.