డూమ్ గేమ్ కోసం 2019 నాటి సిస్టమ్: గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి మారిస్తే చాలా, మొత్తం మార్చాలా?

ఖమ్మం కుర్రాడు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో సిస్టమ్ 2019లో అసెంబుల్ చేయించింది. ప్రాసెసర్ ఐ5 9400ఎఫ్, హెచ్310 బోర్డు, 8 జీబీ ర్యామ్ (ఒకటే స్టిక్), గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650 4 జీబీ. విండోస్‌కి 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, మిగతా వాటికి 1 టీబీ హార్డ్ డిస్క్. మానిటర్ 1080పీ, 60 హెర్ట్జ్.

2016 డూమ్, ఆ తర్వాత ఎటర్నల్, రెండూ దీని మీదే పూర్తి చేశాను. ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. డూమ్: ది డార్క్ ఏజెస్ మాత్రం అసలు ఓపెనే కావట్లేదు, రే ట్రేసింగ్ (వెలుతురు కిరణాల దారిని అప్పటికప్పుడు లెక్కగట్టడం) ఉన్న కార్డు కావాలంటోంది. ఊళ్లో షాపాయన్ని అడిగితే "ఇందులో ఏం పెట్టినా దండగే, మొత్తం మార్చెయ్" అని 90 వేల కొటేషన్ చేతిలో పెట్టాడు. నా దగ్గర ఉన్నది 35 వేలు. చెల్లి కాలేజీ పని కూడా ఈ సిస్టమ్ మీదే, కాబట్టి పాడు చేసుకోలేను. మీరైతే ఏం చేస్తారు?

ఫ్రేమ్స్ పిచ్చి

షాపాయన చెప్పిన దాంట్లో తప్పేం లేదు బ్రో. ఆ గేమ్ మినిమమ్‌లోనే 8 కోర్లు, 16 థ్రెడ్ల ప్రాసెసర్ అడుగుతోంది. రైజెన్ 7 3700ఎక్స్ లేదా ఐ7 10700కే. నీ 9400ఎఫ్‌కి 6 కోర్లు, 6 థ్రెడ్లు, అంతే. ర్యామ్ 16 కావాలి, నీకు 8. ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీలో 100 జీబీ ఖాళీ కావాలి, నీకు ఎన్‌వీఎంఈనే లేదు. కార్డు సంగతి సరేసరి. ఒక్క లైన్లో కూడా నీ సిస్టమ్ పాస్ కాలేదు.

హెచ్310 అంటే ఆ తరంలో అన్నిటికన్నా చవక చిప్‌సెట్. దాని మీద ఇప్పుడు 35 వేలు పోస్తే వచ్చే ఏడాది మళ్లీ ఇదే ప్రశ్నతో ఇక్కడికే వస్తావు. ఆరు నెలలు ఆగి, ఇంకాస్త కూడబెట్టి ఏఎండీ వాళ్ల ఏఎం5 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డుకి వెళ్లు. 2027 దాకా, ఆ తర్వాత కూడా ఆ సాకెట్‌ని కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది.

గోదారి గట్టు

ఆరు నెలలు ఆగితే ధరలు తగ్గుతాయని ఎవరు హామీ ఇచ్చారండీ? ర్యామ్ ధరలు చూస్తున్నారా ఈ మధ్య? మెమరీ తయారీ అంతా ఏఐ డేటా సెంటర్ల వైపు తిరిగిపోయింది. మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో క్రూషియల్ బ్రాండు రిటైల్ వ్యాపారమే మానేస్తున్నట్టు ప్రకటించింది. మనలో సగం మంది ల్యాప్‌టాప్‌లకి వేసుకున్న ర్యామ్ అదే. ఏఎం5 అంటే డీడీఆర్5 ర్యామ్ తప్పదు. ఇలాంటి సమయంలో బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కొత్తగా కొనమని 35 వేలున్న కుర్రాడికి చెప్పడం నాకు సబబు అనిపించట్లేదు.

ఇక ఆ మినిమమ్ లిస్టు. అందులో లేకపోతే గేమ్ తెరుచుకోనే తెరుచుకోనిది ఒక్కటే, రే ట్రేసింగ్. ప్రాసెసర్ తక్కువైతే ఫ్రేములు తగ్గుతాయి గానీ గేమ్ ఆగిపోదు. నా దగ్గర ఉన్నదీ 9400ఎఫే, దానికి ఆర్‌ఎక్స్ 6600 కార్డు వేసి, 16 జీబీ ర్యామ్‌తో, లో సెట్టింగ్స్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే పద్ధతి) ఆన్ చేసి ఈ గేమ్ మొత్తం ఆడాను. చుట్టూ గుంపుగా రాక్షసులు దిగినప్పుడు 60 నుంచి కిందికి జారుతుంది. అది కనిపిస్తుంది, కాదనను. కానీ ఆట ఆనందం పోలేదు. నీ మానిటర్ 60 హెర్ట్జే కాబట్టి అంతకు మించి ఫ్రేములు వచ్చినా నీకు కనపడవు.

ఇంకో మాట. ఇవాళ కొన్న కార్డు రేపు కొత్త బోర్డులోకి వెళ్తుంది. ఇవాళ పెట్టిన డబ్బు పోయేది ఎక్కడ?

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో తమ్ముడూ. చవగ్గా వస్తోందని 6500 ఎక్స్‌టీ కార్డు జోలికి పోవద్దు. దానికి స్లాట్‌తో మాట్లాడుకోవడానికి 4 లేన్లే (డేటా దారులు) ఉన్నాయి, నీ బోర్డులో కార్డు స్లాట్ పాత తరం పీసీఐఈ 3.0 కాబట్టి గొంతు నొక్కినట్టే. 6600కి 8 లేన్లు. కొంచెం తగ్గినా పట్టించుకోనక్కర్లేదు.

కాజీపేట జంక్షన్

అందరు కార్డు మీదనే కొట్లాడుతున్నరు, ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే డబ్బ) సంగతి ఒక్కలు అడుగుతలేరు. తమ్మీ, క్యాబినెట్ పక్క డోరు తీసి ఎస్‌ఎంపీఎస్ మీద స్టిక్కర్ల ఏం రాసి ఉన్నదో చెప్పు. 1650లు చానా మట్టుకు స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతోనే నడుస్తయి, వేరే వైరు అక్కర లేదు. 6600కి 8 పిన్ వైరు కావాలె. నీ దాంట్ల ఉన్నదా?

ఖమ్మం కుర్రాడు

చూశాను అన్నా. క్యాబినెట్‌తో పాటే వచ్చిన ఎస్‌ఎంపీఎస్, కంపెనీ పేరు ఎప్పుడూ వినలేదు. పెద్ద అక్షరాల్లో 450 వాట్స్ అని ఉంది. కింద చిన్న టేబుల్లో +12వి దగ్గర 16ఏ అని ఉంది. 8 పిన్ వైరు లేదు. షాపాయన మోలెక్స్ (పాత 4 పిన్ వైరు) నుంచి కన్వర్టర్ వేసిస్తానన్నాడు, 150 రూపాయలట. యూపీఎస్ 600 వీఏ.

కాజీపేట జంక్షన్

వద్దు. ఆ కన్వర్టర్ అస్సలు వద్దు.

లెక్క చెప్త చూడు. కార్డూ, ప్రాసెసరూ రెండూ బతికేది 12 వోల్టుల లైన్ మీద. 16 ఆంప్సును 12తోని గుణిస్తే 192 వాట్లు. పైన 450 అని ఎంత పెద్దగ రాసినా నీకు అక్కరకొచ్చేది గంతే. 6600 ఒక్కటే 132 వాట్లు తింటది. 9400ఎఫ్ లెక్క 65. రెండు కలిస్తే 197, ఇంక ఫ్యాన్లు, హార్డ్ డిస్క్, బోర్డు లెక్కలకే రాలే. పైంగ ఆ స్టిక్కర్ మీద రాసింది నిజమేనని నమ్మితేనే ఈ లెక్క. మోలెక్స్ వైరు సన్నగ ఉంటది, అంత కరెంటు దాంట్లకెల్లి పోతే పిన్ను వేడెక్కి కనెక్టర్ కరుగుతది. నేను రిపేర్లు చేసేటోన్ని, నల్లగ కాలిన కనెక్టర్లు నా టేబుల్ మీదికి వస్తనే ఉంటయి. పోయేటప్పుడు ఒక్క ఎస్‌ఎంపీఎస్సే పోదు, బోర్డును, డిస్కును గూడ తీస్కపోతది. చెల్లె కాలేజీ పని గూడ దీని మీదనే అంటివి.

మంచి కంపెనీది 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే ముద్ర), 12 వోల్టుల మీద 40 ఆంప్సుకు పైన ఉన్నది తీస్కో. ఇది పార్టులల్ల మొదటి పార్టు. రేపు సిస్టమ్ మొత్తం మార్చినా ఇదే పనికొస్తది. యూపీఎస్ 600 వీఏ అంటే 360 వాట్లే, మానిటర్ గూడ దాని మీదనే ఉంటది. సరిపోతది గానీ బ్యాటరీ పాతదైతే గేమ్ నడుస్తుండంగ కరెంటు పోయిన్నాడు పట్టుకోదు, సిస్టమ్ ధబేల్మని ఆగుతది. ఎండకాలం రాకముందే చూపించుకో, ఖమ్మం ఎండలు నీకు నేను చెప్పాల్నా?

పాత క్యాబినెట్

నాకు అసలు ప్రశ్నే వేరే ఉంది. మనం ఎందుకు మార్చాలి? 1650 స్టీమ్ (గేములమ్మే సైట్) సర్వేలో ఒకప్పుడు అన్నిటికన్నా పైన నిలిచిన కార్డు. మన దగ్గర మధ్యతరగతి ఇళ్లలో ఇప్పటికీ అదే ఉంది. ఎటర్నల్ దాని మీద అంత హాయిగా నడిచిందంటే డూమ్ తీసిన ఐడీ సాఫ్ట్‌వేర్ కంపెనీకి పని చేతకాక కాదు కదా. పాత లైటింగ్ కూడా ఒక ఆప్షన్‌గా ఉంచితే వాళ్ల సొమ్మేం పోయింది? ఒక్క గేమ్ కోసం ఒక కుటుంబం నెల ఖర్చంత కార్డు మీద పెట్టాల్సి రావడం నాకు మింగుడు పడట్లేదు. కుర్రాడా, ఆ డబ్బు దాచుకో.

గోదారి గట్టు

మీ బాధ నాకు అర్థమైందండీ, కానీ "ఆప్షన్‌గా ఉంచితే" అన్నంత తేలిక కాదది. పాత పద్ధతిలో ప్రతి గదిలో, ప్రతి గోడ మీద వెలుతురు ఎలా పడాలో ముందే గంటల తరబడి లెక్కగట్టి గేమ్ ఫైళ్లలో పెట్టేస్తారు. డిజైనర్ ఒక దీపం జరిపితే మళ్లీ లెక్క. ఈ గేమ్‌లో ఆ లెక్క మన కార్డే ఆడుతున్నప్పుడు చేస్తుంది. రెండూ ఉంచాలంటే స్థలాలన్నిటికీ రెండుసార్లు లైటింగ్ చేయాలి. ఇందులో మైదానాలు ఎటర్నల్ కన్నా ఎంతో పెద్దవి. పైగా వెలుతురొక్కటే కాదు, తూటా తగిలింది ఇనుప కవచానికా, తోలుకా అన్నది తేల్చడానికి కూడా రే ట్రేసింగే వాడుతున్నారు.

ఇదే కంపెనీ 1999లో క్వేక్ 3 ఎరీనాతో ఇదే పని చేసింది. అంతకు ముందు క్వేక్, క్వేక్ 2 ఉత్త ప్రాసెసర్ మీద కూడా నడిచేవి. మూడోది 3డీ కార్డు లేకపోతే నడవనే నడవలేదు. అప్పుడు 3డీ కార్డు మన ఊళ్లలో ఎంత మంది ఇళ్లలో ఉంది?

ఒక్క గేమ్ కోసం అంటున్నారు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్ గేమ్ కూడా రే ట్రేసింగ్ కార్డు లేనిదే తెరుచుకోదు. మినిమమ్‌లో అడుగుతున్న ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ 2019లో వచ్చింది, కుర్రాడి సిస్టమ్ వయసే దానిది.

పాత క్యాబినెట్

2019లో 2060 సూపర్ ఎంతకి దొరికేదో కూడా చెప్పండి. 1650కి రెండింతల పైమాటే. అది కొనలేకే కదా మనవాళ్లు 1650తో సరిపెట్టుకున్నది. టెక్నాలజీ వివరణ ఒప్పుకుంటాను, భారం ఎవరి మీద పడిందన్నది మాత్రం మారదు.

వైజాగ్ బీచ్ రోడ్

ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ (గేమ్ వాళ్ల సర్వర్ మీద నడిచి ఇంటర్నెట్‌లో మన తెర మీదికి వచ్చే సేవ) 2025 నవంబరులో ఇండియాకి వచ్చింది కదా, ఈ గేమ్ వాళ్ల నెలవారీ చందా గేమ్ పాస్‌లో విడుదల రోజు నుంచే ఉంది. ఒక నెల కట్టి 1650 మీదే ఆడి చూడొచ్చుగా? నచ్చితే అప్పుడు కార్డు.

ఫ్రేమ్స్ పిచ్చి

కథ నడిపే గేములకైతే ఓకే. ఇందులో ఎదురొచ్చే ఆకుపచ్చ గుండుని సరిగ్గా ఆ క్షణంలో డాలుతో తిప్పికొట్టాలి. ఆట మొత్తం దాని మీదే నిలబడింది. బటన్ నొక్కిన సంగతి సర్వర్ దాకా వెళ్లి రావాలంటే, వైఫై కాస్త ఊగినా చాలు, దెబ్బ తినేస్తావు.

ఎస్‌ఎంపీఎస్ లెక్క చూశాక ఒకటి ఒప్పుకుంటున్నా, అది ముందు మార్చాలి. ప్రాసెసర్ విషయంలో నా మాట నాదే. 6 థ్రెడ్లు ఈ గేమ్‌కి సరిపోయినా రాబోయే వాటికి సరిపోవు. సెకండ్ హ్యాండ్‌లో 2060 సూపర్ వెతుకుదామనుకుంటే జాగ్రత్త. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం (క్రిప్టో కరెన్సీ) మైనింగ్ ఆగిపోయాక ఆ కార్డులు మార్కెట్లోకి కుప్పలుగా వచ్చాయి. ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. అమ్మేవాడి ఎదుటే అరగంట లోడ్ మీద నడిపించి ఫ్యాన్ చప్పుడు, టెంపరేచర్ చూడకుండా డబ్బులివ్వకు. అదీ 175 వాట్ల కార్డు.

ఖమ్మం కుర్రాడు

అందరికీ థాంక్స్. ఎస్‌ఎంపీఎస్, కొత్త 6600, ఇంకో 8 జీబీ స్టిక్ ఇప్పుడే తీసుకుంటాను. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) అడిగితే ఈ మూడూ 35 వేలలోపే వస్తున్నాయి, ఎన్‌వీఎంఈ కూడా కలిపితే దాటిపోతోంది. గేమ్‌ని హార్డ్ డిస్కులో వేస్తే నడుస్తుందా?

గోదారి గట్టు

హార్డ్ డిస్కులో వద్దు. నడక మధ్యలో బొమ్మలు లోడ్ కాక ఆగి ఆగి సాగుతుంది. నీ 240 జీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్ తప్ప మిగతావన్నీ హార్డ్ డిస్కులోకి మార్చి 100 జీబీ ఖాళీ చేయి, ప్రస్తుతానికి సాటా చాలు. ఎలాగూ హెచ్310 చిప్‌సెట్ ఇచ్చేవి పీసీఐఈ 2.0 లేన్లే, కాబట్టి నీ బోర్డులో ఎం.2 స్లాట్ ఉన్నా ఎన్‌వీఎంఈ పూర్తి వేగం రాదు. అది కొత్త బోర్డుతో పాటు కొనుక్కో. ర్యామ్ స్టిక్ మాత్రం ఉన్నదాని స్పీడే తీసుకో, అప్పుడే రెండూ జంటగా పనిచేసి ప్రాసెసర్‌కి కాస్త ఊపిరి దొరుకుతుంది.

కాజీపేట జంక్షన్

ఇంకొకటి తమ్మీ. 9400ఎఫ్‌కి లోపల గ్రాఫిక్స్ ఉండయి, కార్డు తీస్తే తెర మీద ఏం రాదు. కొత్త కార్డు పెట్టి వారం మంచిగ నడిచిందాక 1650 అమ్మకు. ముందుగాల ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే మార్చి రెండు రోజులు చెల్లెను వాడుకోనియ్, ఆ తర్వాతనే కార్డు పెట్టు. అన్ని ఒక్క దినమే మారిస్తే ఏదన్న తేడా వచ్చినప్పుడు ఏ పార్టుదో తెల్వదు. కార్డు పెట్టే ముందు పాత ఎన్విడియా డ్రైవర్ తీసెయ్. 8 పిన్ వైరు కొత్త ఎస్‌ఎంపీఎస్‌తోని వచ్చిందే వాడు, షాపుల ఇంకో కన్వర్టర్ ఇస్తే అక్కడనే ఇడిసిపెట్టు.