వెనక కొండ ముందుకొచ్చేస్తోంది, నది రోడ్డులా ఉంది

అందరికీ నమస్తే. ఆయిల్ రంగుల్లో ఇది నా మూడో బొమ్మ. వెనక మూడు వరసల కొండలు, మధ్యలో నది, ముందు రాళ్లూ గడ్డీ, పాత పద్ధతి ల్యాండ్‌స్కేపే. అన్నిటికంటే వెనకుండాల్సిన కొండ మీదికి తోసుకొస్తోంది, నదేమో బూడిదరంగు రోడ్డులా ఉంది. పైగా బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు) వేసిన చోటల్లా ఆరాక మసకబారి సుద్ద రాసినట్టయింది, పక్కనేమో నిగనిగలాడుతోంది. మొత్తం గీకేయాలా?

—

గీకొద్దండీ బాబూ. కళ్లు సగం మూసి చూడండి. వెనక కొండ నీడలూ ముందు రాళ్ల నీడలూ ఒకే నలుపులో కనిపిస్తే జబ్బు అక్కడే ఉంది. మధ్యలో ఉన్న గాలి మొట్టమొదట చీకటి భాగాల్నే మింగేస్తుంది, అవి లేత నీలంలోకి జారిపోతాయి. అందుకని ఆ నీడకి నలుపు, అంబర్ రెండూ పక్కన పెట్టి అల్ట్రామెరైన్‌లో (ముదురు నీలం) టైటానియం వైట్ బాగా కలపండి, నీలం మరీ కొట్టొచ్చినట్టుంటే చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) వేయండి. రంగు తడిగా ఉండగానే పొడి బ్రష్‌తో కొండ అంచుని అక్కడక్కడ ఆకాశంలోకి ఒక్కసారి లాగి వదిలేయండి, అంచంతా కాదు.

నది సంగతికొస్తే, మీరు నీళ్లకి ఒక రంగు అనుకుని పూసేసినట్టున్నారు. నీళ్లలో కనపడేది చాలావరకు పైనున్నదే. కొండ ప్రతిబింబాన్నీ ఆకాశాన్నీ ముందు నిలువుగా కిందికి లాగి, ఆ తడి మీదే వెడల్పు బ్రష్‌ని అడ్డంగా, తగిలీ తగలనట్టు నడపండి. ముదురువి నీళ్లలో కాస్త లేతగా, లేతవి కాస్త ముదురుగా పడాలి. ఇంకోటి, దూరం పోయేకొద్దీ నది వంపులు నొక్కుకుపోయి దాదాపు అడ్డగీతలవుతాయి. మనమేమో మ్యాపులో చూసినట్టు గీసేస్తాం, అప్పుడు నది పడుకోకుండా నిలబడుతుంది!

—

మసక గురించి నేను చెప్తా. కింది పొర పైరంగులోని నూనెని పీల్చేసింది, అంబర్‌లో ఇది మామూలే. ముట్టుకుంటే అంటుకోనంతగా ఆరాక, లిన్సీడ్ నూనెలో కొంచెం టర్పెంటైన్ కలిపి మెత్తటి గుడ్డతో పల్చగా రుద్ది, కాసేపాగి మిగిలింది తుడిచేయండి. అసలు రంగు పైకి తేలుతుంది, దాని మీదే దిద్దుకోవచ్చు. కింది పొరల్లో నూనె తక్కువ, పైకెళ్లేకొద్దీ ఎక్కువ ఉండాలి, తిరగేస్తే పగుళ్లు వస్తాయి. ఆ గుడ్డని మాత్రం ఉండచుట్టి బుట్టలో పడేయకండి, లిన్సీడ్ ఆరేటప్పుడు వేడి పుట్టి దానంతటదే అంటుకోగలదు. నీళ్లలో తడిపి ఆరుబయట విప్పి పరవండి.

—

వార్నిష్ కొట్టేస్తే అంతా ఒకే మెరుపు రాదా?

—

ఇప్పుడే వద్దు. ఆయిల్ ఆరడమంటే తడి ఆవిరవడం కాదు, ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడడం. పొర మందాన్ని బట్టి 6 నుంచి 12 నెలలు పడుతుంది. తొందరైతే రీటచ్ వార్నిష్ (అప్పటిదాకా వేసుకునే తాత్కాలిక వార్నిష్) పల్చగా వేసుకోండి.

—

కొండ వెనక్కెళ్లిందండీ, థ్యాంక్స్! నది కూడా పడుకుంది. ఇప్పుడు ముందున్న పెద్ద రాయి నీళ్ల మీద తేలుతోంది.

—

దాని కింద నీడ పెట్టలేదు కదా? రాయి నీళ్లని తాకే గీత దగ్గర ముదురు రంగు పెట్టండి, మునుగుతుంది.