కోక్‌కు బదులు హైడ్రోజన్: ఇప్పుడున్న బ్లాస్ట్ ఫర్నేసులోనే వాడవచ్చా?

ప్రశ్న (శృంగవరపుకోట, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు)

పదో తరగతిలో లోహాల పాఠం చెబుతూ, వేడిచేసిన కాపర్ ఆక్సైడ్ మీదుగా హైడ్రోజన్ పంపే ప్రయోగం చేసి చూపించాను. నల్లటి పొడి ఎర్రటి రాగిగా మారుతుండగా, గాజు గొట్టం చల్లటి చివర నీటి బొట్లు పేరుకోవడం చూసి ఒక అమ్మాయి, "మన ఊరి మీదుగా విశాఖపట్నం వెళ్లే ఎర్రరాయిని కూడా ఇలాగే ఇనుముగా మార్చవచ్చు కదా మాస్టారూ, మధ్యలో బొగ్గెందుకు?" అని అడిగింది. కిరండూల్ నుంచి ఖనిజంతో వచ్చే గూడ్సు బండ్లు మా స్టేషన్ దాటడం ఈ పిల్లలు రోజూ చూసేదే. సమీకరణం రాస్తే ఆమె మాటలో తప్పేమీ కనిపించలేదు: కోక్ (గాలి తగలకుండా కాల్చి గట్టిపరచిన బొగ్గు) నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ తీసుకుపోయే ఆక్సిజన్‌ను హైడ్రోజన్ తీసుకుపోతుంది, కార్బన్ డయాక్సైడ్‌కు బదులు నీటి ఆవిరి వస్తుంది. అలాంటప్పుడు ఇప్పుడున్న బ్లాస్ట్ ఫర్నేసులో (ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమిలో) కోక్ మానేసి హైడ్రోజన్ ఊదడానికి అడ్డేమిటి?

జవాబు (కొత్తవలస, బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసి రిటైరైన ఉద్యోగి)

మాస్టారూ, పాఠంలో కోక్‌కు ఒక్క పనే చెబుతారు గానీ, ఫర్నేసులో అది మూడు పనులు చేస్తుంది. ఆక్సిజన్‌ను లాగే వాయువును ఇవ్వడం ఒకటి, వేడిని ఇవ్వడం రెండోది. మూడోది బయటివారికి తెలియదు: ఖనిజమూ సున్నపురాయీ మెత్తబడి కరిగిపోయే చోట కూడా గట్టిగా నిలబడి పైనుంచి పోసిన సరుకు (ఛార్జి) బరువంతా మోసేది కోక్ ఒక్కటే, ఆ ముక్కల సందుల్లోంచే వేడిగాలి పైకి, కరిగిన ఇనుము కిందికి దారి చేసుకుంటాయి. కోక్ నాసిరకంగా వచ్చిన రోజున ఫర్నేసు ఊపిరాడనట్టు మూలగడం మా షిఫ్టులో అందరికీ అనుభవమే. వాయువుకు ఆ బరువు మోసే శక్తి లేదు. పైగా హైడ్రోజన్‌తో జరిగే చర్య ఉష్ణగ్రాహకం (వేడిని పీల్చుకునేది) కనుక, ఎక్కువగా ఊదితే ఫర్నేసు చల్లబడుతుంది. అందుకే దాన్ని కొంత మేరకే ఊదగలరు. 2023 ఏప్రిల్‌లో టాటా స్టీల్ జంషెడ్‌పూర్‌లో ఒక బ్లాస్ట్ ఫర్నేసులోకి హైడ్రోజన్ పంపి చూసింది, అయితే అది కోక్‌ను తగ్గించే ప్రయత్నమే గానీ మానేసే ప్రయత్నం కాదు.

మీ అమ్మాయి చెప్పిన పద్ధతికి వేరే కొలిమి కావాలి. నిలువుగా ఉండే షాఫ్ట్ ఫర్నేసులో ఖనిజపు గుళికలు పైనుంచి దిగుతుండగా, 800–900 డిగ్రీల వేడి మీద హైడ్రోజన్ కింది నుంచి ఎక్కుతుంది. ఖనిజం కరగదు, ఆక్సిజన్ పోయి స్పాంజ్ ఐరన్ (సన్నటి రంధ్రాలతో నిండిన ఇనుము) మిగులుతుంది, దాన్ని కరెంటుతో నడిచే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసులో కరిగిస్తారు. స్వీడన్‌లోని లూలియోలో హైబ్రిట్ అనే నమూనా కర్మాగారం 2020లో మొదలై, ఆ మరుసటి ఏడాదే ఇలాంటి ఉక్కును వోల్వోకు అందించింది. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. కరగని ఖనిజంలోని సిలికా, అల్యూమినా అక్కడే ఉండిపోయి ఆర్క్ ఫర్నేసులో లోహమలాన్ని పెంచుతాయి కనుక, 67 శాతం దాకా ఇనుము ఉన్న గుళికలు కోరతారు. కిరండూల్ నుంచి వచ్చే బైలదిల్లా గనుల రాయి మంచిదే అయినా శుద్ధిచేయక తప్పదు.

జవాబు (గరివిడి, ఫెర్రో అల్లాయిస్ పరిశ్రమలో ఉద్యోగి)

ఒక్క మాట చేర్చాలి. ఉక్కుకు మాంగనీస్ కూడా కావాలి, మా చీపురుపల్లి, గరివిడి ప్రాంతపు గనులకు పేరు తెచ్చింది అదే. మాంగనీస్ డయాక్సైడ్‌ను హైడ్రోజన్ మాంగనీస్ మోనాక్సైడ్ దాకా తీసుకురాగలదు గానీ, అక్కడ ఆగిపోతుంది. మిగిలిన ఆక్సిజన్‌ను ఊడదీయడానికి మా ఆర్క్ కొలిమిలో కోక్ వేయవలసిందే. ఉక్కు మొత్తానికి ఇది చిన్న పాలే అయినా, "బొగ్గు లేని ఉక్కు" అని రాసేవారు దీన్ని మరచిపోతారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంతకీ ఆ హైడ్రోజన్ చేయడానికి వాడే కరెంటు బొగ్గుదే అయితే లాభం ఉంటుందా?

జవాబు (శ్రీకాకుళం, రసాయనశాస్త్ర అధ్యాపకురాలు)

అసలు చిక్కు అదేనండి. టన్ను ఇనుముకు సమీకరణం ప్రకారం 54 కిలోల హైడ్రోజన్ కావాలి. నీటిని విద్యుద్విశ్లేషణ చేసి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్లు పడుతుంది, ఆర్క్ ఫర్నేసు ఖర్చు కలిపితే టన్నుకు దాదాపు 3,500 యూనిట్లు. మన దేశపు గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది కనుక, దాన్నే వాడితే టన్నుకు 2.45 టన్నులవుతుంది. ఇప్పుడు మన దేశంలో ఉక్కు తయారీ సగటు కూడా ఇంచుమించు అంతే. 2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు శాఖ హరిత ఉక్కుకు పెట్టిన గీత 2.2 టన్నులు, ఆ గీత కిందికి కూడా రాలేము. కరెంటు సౌరమో పవనమో అయితేనే ఈ శ్రమకు అర్థం.

విశాఖ ఉక్కు కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. అంతా ఈ పద్ధతిలో చేస్తే రోజుకు దాదాపు 1,080 టన్నుల హైడ్రోజన్, దానికీ ఆర్క్ ఫర్నేసులకూ కలిపి సుమారు 14,600 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాలు కావాలని నా లెక్క. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన ఎన్టీపీసీ కేంద్రపు లక్ష్యం రోజుకు 1,500 టన్నులు. అది కర్మాగారానికి దగ్గరలోనే ఉన్నా, అక్కడి హైడ్రోజన్‌ను ప్రధానంగా ఎగుమతి చేసే ఉత్పత్తులకు కేటాయించుకున్నారు. నీటి గురించి మాత్రం భయపడనక్కరలేదు. విద్యుద్విశ్లేషణలో విడగొట్టిన నీరు కొలిమిలో మళ్లీ ఆవిరిగా తయారవుతుంది, చల్లబరిచి పట్టుకుంటే చాలావరకు తిరిగి వాడుకోవచ్చు. మీ గాజు గొట్టం చివర పేరుకున్నది అదే.

జవాబు (కొత్తవలస, రిటైరైన ఉద్యోగి)

మాస్టారూ, ప్రయోగం మళ్లీ చేసేటప్పుడు గొట్టంలోని గాలి పూర్తిగా పోయేదాకా హైడ్రోజన్‌ను పోనిచ్చి, ఆ తరువాతే దీపం వెలిగించండి, లేకపోతే పేలుతుంది. దీపం ఆర్పాక కూడా గొట్టం చల్లారే వరకు వాయువు ఆపవద్దు, ఆపితే ఎర్రబడ్డ రాగి మళ్లీ నల్లబడుతుంది. వేడి స్పాంజ్ ఐరన్ కూడా గాలి తగిలితే అంతే, అందుకే దాన్ని వేడి మీదే ఇటుకల్లా నొక్కి భద్రపరుస్తారు.