వరద కట్టలో నీళ్లు నిలబెట్టొచ్చా? గొట్టానికి అడ్డం పెట్టిన ఇసుక మూటలు తీయాలా, ఉంచాలా?

వంకగడ్డ:
మాది కడప జిల్లాలో కొండ కింది పల్లె. ఊరికి పైన వంక మీద చిన్న మట్టికట్ట ఉంది. సాగుకోసం కట్టింది కాదు. వాన గట్టిగా పడినప్పుడు వంక ఒక్కసారిగా కింది పల్లెల మీద పడకుండా కట్టారు. అందుకే తూము లేదు, గేటు లేదు. కట్ట అడుగున ఒక సిమెంటు గొట్టం, ఒక పక్కన మరవ (కట్ట నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు), అంతే. వరద వస్తే వెనక నిలబడి, గొట్టంలోంచి కొన్ని రోజుల్లో మెల్లగా వెళ్లిపోతుంది. మళ్లీ ఖాళీ.

వానలు సరిగా లేని ఏడాది మావాళ్లు గొట్టం మూతికి ఇసుక మూటలు పెట్టి బంకమట్టి మెత్తారు. నీళ్లు నిలిచాయి. ఎండిపోయిన బోర్లు కొన్ని మళ్లీ పోశాయి. ఇప్పుడు కింది ఊరివాళ్లు మూటలు తీయమంటున్నారు. గ్రామసభలో కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. తెలిసినవాళ్లు చెప్పండి.

చీనీతోట:
తీయొద్దన్నా. మాది అనంతపురం వైపు. ఏడాది మొత్తానికి మాకు పడే వాన సగటున 550 మి.మీ. దగ్గర. అందులో సగం నాలుగైదు వానల్లోనే పడిపోతుంది. ఆ నీళ్లు మన కళ్లముందే పెన్నకు పోతుంటే ఖాళీ కట్టను కాపలా కాస్తూ కూర్చోవాలా? చెట్లు ఎండితే తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఎప్పుడో వచ్చే వరద కోసం ప్రతి ఏడూ కరువు తెచ్చుకోమనడం న్యాయం కాదు.

చెయ్యేటి ఒడ్డు:
ఎప్పుడో వచ్చే వరద అంటున్నారు కదా, మా వైపు వచ్చింది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున. పైన పింఛా కట్ట తెగి ఆ నీళ్లు కింద చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మీద పడ్డాయి. ఉన్న అయిదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లిలో ఇళ్లు, మనుషులు, గొడ్లు పోయాయి. ఆ నెలలో చెరువులన్నీ ముందే నిండి ఉన్నాయి, చుక్క పట్టే చోటు లేదు. మీ కట్టలో చోటు ఉంచమనే కదా కింది ఊరు అడుగుతోంది?

చీనీతోట:
అక్కా, బాధ అర్థమవుతుంది. కానీ అది రెండు టీఎంసీలకు పైగా పట్టే ప్రాజెక్టు, గేట్లు, స్పిల్‌వే అన్నీ ఉన్నది. ఇది వంక మీద మట్టిగడ్డ. దానికీ దీనికీ పోలికేంది?

పాత ఏఈ:
పోలిక ఉంది. చిన్న నీటిపారుదలలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదట లెక్క. పరీవాహక ప్రాంతం పది చదరపు కిలోమీటర్లు అనుకుందాం. తుపాను రోజు 100 మి.మీ. వాన పడితే ఆ నేల మీద పడే నీళ్లు పది లక్షల ఘనపు మీటర్లు, అంటే సుమారు 35 ఎంసీఎఫ్‌టీ (మిలియన్ ఘనపుటడుగులు). నేల అప్పటికే తడిసి ఉంటే అందులో సగమైనా వంకలోకి వస్తుంది. ఖాళీ కట్ట దాన్ని పట్టి మెల్లగా వదులుతుంది. నిండిన కట్ట దాదాపు వచ్చింది వచ్చినట్టే మరవ మీదుగా పంపుతుంది. కొంచెం నిదానిస్తుంది, అంతే. ఆ రోజు కట్ట ఉన్నా లేనట్టే.

ఇంకోటి, ఇది అంతకంటే భయం. గొట్టం, మరవ కలిసి నీళ్లు పంపుతాయని వేసుకున్న లెక్కలో మీరు గొట్టాన్ని తీసేశారు. మరవ చాలకపోతే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. రాతి కట్టడం మీద పొర్లినా నిలబడొచ్చు. మట్టి కట్ట నిలబడదు. వెనక వాలు కోసుకుంటూ వచ్చి గంటల్లో గండి పడుతుంది. మట్టికట్టలు తెగడానికి పెద్ద కారణం ఇదే. గుజరాత్‌లో 1979 ఆగస్టు 11న మచ్చు కట్ట తెగి మోర్బీ మునిగింది ఇలాగే.

ఊట సంగతి కూడా చూడండి. నాలుగు రోజులు తడిసి ఆరిపోయే కట్టకు లోపల బంకమట్టి గోడ, ఇసుక ఫిల్టరు, కింది అంచున రాతి వరుస పకడ్బందీగా పెట్టి ఉండకపోవచ్చు. నెలల తరబడి నీళ్లు నిలిస్తే తడి మెల్లగా కట్ట అవతలికి పాకుతుంది. అవతలి పాదం దగ్గర తేట నీళ్లు కారుతుంటే గమనిస్తూ ఉండండి. బురద నీళ్లు కారుతున్నాయంటే లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టు. అప్పుడు చర్చ కాదు, ఊరు ఖాళీ చేయించడమే.

రేగడి నేల:
సార్ చెప్పింది ఒక వైపే. ఖాళీగా ఎండబెట్టిన కట్ట మాత్రం క్షేమమా? మా కర్నూలు నల్లమట్టి ఎండాకాలంలో చేయి దూరేంత బీటలిస్తుంది. ఆ బీటల్లోకి మొదటి వరద దూరితే కట్ట అక్కడే తెగుతుంది. కొంచెం నీళ్లుంటే మట్టి పదునుగా ఉంటుంది.

పాత ఏఈ:
ఒప్పుకుంటాను, బీటలు నిజమే. ఎండిన కట్టలు మొదటి నిండుకే తెగిన సందర్భాలున్నాయి. దానికి మందు పైన గరుసు పొర వేయడం, కంపచెట్లు పీకించడం, జూన్‌కు ముందు బీటలు తవ్వి తడిపి దిమ్మిస వేయడం. కంపచెట్టు వేరు చచ్చి కుళ్లితే నీటికి దారి దొరికినట్టే.

మరవమీద కొంగ:
కంపలు, బీటలు ఎందుకు సార్, పీతలు ఉన్నాయిగా! 2019 జులైలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరె మట్టికట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోతే, పీతలు బొరియలు చేశాయని అక్కడి మంత్రి అన్నాడు. పీత మీద కేసు పెట్టలేం కాబట్టి ఫైలు ఈజీగా మూయొచ్చు.

పోరుమామిళ్ల వాసి:
నవ్వుకోవడానికి బాగుంది గానీ, మా చెరువు శాసనం చదివితే నవ్వు రాదు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో వేయించాడు. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు రాతి మీద చెక్కించాడు. కట్టలోంచి నీరు కారడం ఒక దోషం. నేల తక్కువై నీరు ఎక్కువ కావడం ఇంకో దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువుండటం కూడా దోషమే. వంకగడ్డ అన్నా, మీ కట్టకు ఈ మూడోది అంటుకుంది. రెండు రాజ్యాల బదులు రెండు పంచాయతీలు.

వంకగడ్డ:
నిజమే. కట్ట మా పంచాయతీలో, మునిగేది వాళ్ల పంచాయతీలో. పైగా ఎవరి దగ్గరికెళ్లినా ఇది మా పద్దులో లేదంటారు. కేంద్రం చేసిన ఆనకట్టల భద్రత చట్టం ఉంది కదా, దాని కింద ఎవరైనా వచ్చి చూడరా?

రేగడి నేల:
2021 చట్టం 15 మీటర్లు దాటిన కట్టలకు. 10 నుంచి 15 మీటర్ల మధ్యవైతే పొడవు 500 మీటర్లుండటమో, పది లక్షల ఘనపు మీటర్లు పట్టడమో, ఇలా ఏదో ఒక షరతుకు తగాలి. పది మీటర్ల లోపువి లెక్కలోకే రావు. మన రాయలసీమ వంకల మీద ఉన్నవి ఎక్కువ ఈ బాపతే.

చెయ్యేటి ఒడ్డు:
చట్టం ఎందుకు, మన పాత పద్ధతే లేదా? చెరువు మంచి చెడ్డలు చూసేవాళ్లకు దశబంధం మాన్యాలు ఇచ్చిన సీమ ఇది. చెరువు నీళ్లు చూసుకునే నీరుగంటి రాత్రి వాన పడితే పార పట్టుకుని కట్ట మీదికి పోయేవాడు. ఇప్పుడు మాన్యాలు పోయాయి, నీరుగంటీ పోయాడు. మూటలు పెట్టడానికి పదిమంది వస్తారు. నవంబరు రాత్రి తుపానులో తీయడానికి ఎవరెళ్తారో ఒక్క పేరు చెప్పండి. బుక్కరాయసముద్రంలో గండి పూడ్చడానికి ముసలమ్మ తనంతట తానే బలికి వెళ్లిందని చెప్పుకుంటారు. మా కింది ఊళ్లను మాత్రం అడక్కుండానే బలి పెడుతున్నారు.

చీనీతోట:
అక్కా, అంత మాటొద్దు. సరే, మధ్యేమార్గం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నిలబెడదాం, అక్టోబరులో ఖాళీ చేద్దాం, తుపాన్లు పోయాక డిసెంబరులో మళ్లీ మూద్దాం.

మరవమీద కొంగ:
డిసెంబరులో మూస్తే దేంతో నింపుతావప్పా, మంచుతోనా?

పాత ఏఈ:
కొంగగారు ఎగతాళిగా అన్నా మాట సరైనదే. మనకు వాన చివర్లో వచ్చేదే తుపానుతో. 2020లో నివర్ కూడా నవంబరు ఆఖర్లోనే వచ్చింది. క్యాలెండర్ పెట్టుకుంటే నీళ్లైనా పోతాయి, లేదా ఊరైనా.

మనిషి మీద ఆధారపడని ఏర్పాటు ఒకటుంది. గొట్టం మూతికి మూటలు కాకుండా, నీటి వైపు నిలువు గొట్టం కట్టించండి. దాని నోరు ఎంత ఎత్తులో పెడితే అంతవరకు నీళ్లు నిలుస్తాయి, పైది తనంతట తానే దిగిపోతుంది. నోటికి జాలీ తప్పనిసరి, లేదంటే కంప వచ్చి ఇరుక్కుంటుంది. వంక లోయ పైకి పోయేకొద్దీ పరుచుకుంటుంది కాబట్టి సగం ఎత్తు దాకా నింపినా పట్టేది మొత్తంలో ఎనిమిదో వంతు నుంచి నాలుగో వంతే. అంటే వరదకు పెద్దగా చోటు తగ్గదు.

చీనీతోట:
అంటే మాకు దక్కేది కూడా ఎనిమిదో వంతేగా! తక్కిన ఏడు వంతులు వాళ్లకా? ఇదేం పంపకం సార్?

చెయ్యేటి ఒడ్డు:
మాకు నీళ్లు ఇవ్వట్లేదు తమ్ముడూ, ఖాళీ ఇస్తున్నారు. అందులో పంట పండించుకోలేం.

పాత ఏఈ:
ఏడు వంతులు ఊరికే పోనక్కర్లేదు. మెల్లగా దిగే నీళ్లకు కింద వంకలో వరసగా చెక్‌డ్యాములుంటే ఇసుకలో ఇంకుతాయి. బోర్లు రెండు ఊళ్లకూ పోస్తాయి. పైన ఒక్క గుంటలో నిలబెడితే ఎండకు చాలానే ఆవిరైపోతుంది.

వంకగడ్డ:
నిలువు గొట్టం మాట గ్రామసభలో పెడతాను, కింది ఊరివాళ్లనూ పిలుస్తాను. ముందు ఈ మూటల సంగతి చెప్పండి సార్. ఇప్పుడు కట్ట సగానికి పైగా నిండి ఉంది. కుర్రాళ్లు దిగి లాగేస్తామంటున్నారు.

పాత ఏఈ:
వద్దు. ఎవరినీ దింపకండి. మూట కదిలిన క్షణాన గొట్టం నీటితో పాటు మనిషినీ లాగేస్తుంది, ఈత వచ్చినా లాభం లేదు. నీళ్లు ఒక్కసారి దిగినా ప్రమాదమే, నానిన లోపలి వాలు జారిపోతుంది. కట్ట మీదుగా పైపులు వేసి సైఫన్‌తోనో, మోటార్లతోనో రోజుకు కొంత చొప్పున దించండి. మూటలు బయటపడ్డాక పైనుంచి ఒక్కొక్కటే తీయండి. ఆ రోజుల్లో వాన సూచన ఉంటే కింది ఊరికి ముందే చాటింపు వేయించండి.