ఎలక్ట్రిక్ కారు వెనక బ్రేకు గరగరలాడుతోంది, డిస్కు మార్చాల్సిందేనా?

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. ఎలక్ట్రిక్ కారు కొని మూడేళ్లయింది, 31,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా బ్రేకు తొక్కితే వెనక ఎడమ చక్రం దగ్గర ఇనుము మీద ఇనుము రాసినట్టు గరగరమంటోంది. స్పీడు ఇరవై లోపుకి వచ్చినప్పుడే ఎక్కువ.

మొదట వాన తడికి పట్టిన తుప్పేమో అనుకున్నాను. అదైతే నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోవాలి కదా, ఇది ఒంగోలు వెళ్లొచ్చినా పోవడం లేదు. చక్రం విప్పించి చూస్తే డిస్కు బయటి వైపు ఎర్రగా తుప్పు, లోపలి వైపు గోరు తగులుకునేంత గాట్లు. బయటి ప్యాడ్ 8 మిల్లీమీటర్లు ఉంది, లోపలిది 2 మాత్రమే. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్ను చేత్తో లాగితే కదల్లేదు. నేను రీజెన్ ఎక్కువలో పెట్టి నడుపుతాను, అంటే బండిని చాలావరకు మోటారే ఆపుతుంది, ప్యాడ్లకు పని తక్కువ. పైగా మాది ఉప్పు గాలి.

షోరూములో డిస్కులు, ప్యాడ్లు మార్చాలన్నారు, పిన్ను సంగతి ఎత్తనే లేదు. అది పట్టేసి ఉంటే కొత్తవీ ఇలాగే అరగవా?

పిన్నులు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పెడితే సరిపోతుందా? డిస్కును లేత్ మీద చెక్కించవచ్చా? హ్యాండ్‌బ్రేకు ఎలక్ట్రిక్‌ది, ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ని వెనక్కి నొక్కే ముందు స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాలట. ఒంగోలు, కావలి, నెల్లూరులో ఆ పని తెలిసిన మెకానిక్ ఉంటే దయచేసి చెప్పండి. వారానికి రెండుసార్లు అమ్మను డయాలసిస్‌కి ఇదే కారులో తీసుకెళ్లాలి, చాలా టెన్షన్‌గా ఉంది.